వినుట, వినిపించుట: తరగతి గదిలో శ్రవణ సాధనాల స్థానం

విద్య మనిషిలోకి ప్రవేశించడానికి ఉన్న ద్వారాలలో మొదటిది చెవి. పసివాడు పలకా బలపం పట్టడానికి ముందే అయిదారు సంవత్సరాల పాటు కేవలం వినికిడి ద్వారా ఒక భాషను సంపూర్ణంగా నేర్చుకుంటాడు. వ్యాకరణం ఎవరూ చెప్పరు, పుస్తకం ఎవరూ ఇవ్వరు. తల్లి మాట, ఇరుగుపొరుగు మాట విని, తాను పలికి, పెద్దలు సరిదిద్దగా నేర్చుకుంటాడు. బడిలో అడుగు పెట్టగానే ఈ క్రమం తలక్రిందులవుతుంది. అప్పటి నుండి కన్నుకు పెద్దపీట, చెవికి క్రింది పీట. పిల్లవాడు మౌనంగా కూర్చుని నల్లబల్లను చూచి వ్రాసుకోవడమే చదువుగా పరిణమిస్తున్నది.

ఈ లోటును పూరించడానికే రేడియో, టేప్ రికార్డర్, నేటి సెల్‌ఫోను వంటి శ్రవణ సాధనాలను బోధనోపకరణాలుగా వాడాలన్న ఆలోచన పుట్టింది. అవి నిజంగా పూరించగల లోటు ఏది, పూరించలేనిది ఏది అన్న విచక్షణ లేనప్పుడు మాత్రం మంచి సాధనం కూడా అలమారలో అలంకారంగా మిగిలిపోతుంది.

ప్రాంతపు పరిస్థితి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు దక్షిణ తెలంగాణలోని మెట్ట భూములు. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలలో ఇదే అట్టడుగు స్థానం. నల్లగొండ అక్షరాస్యత 64.20 శాతం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడినవి. 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. పటం మారినా, బడికి వచ్చే పిల్లల ఇంటి పరిస్థితి ఒక్కసారిగా మారదు. పాలమూరు కూలీల వలస దేశమంతటా తెలిసిన విషయమే. తల్లిదండ్రులు మట్టిపనికి దూర ప్రాంతాలకు పోగా, అవ్వ దగ్గర పెరిగే పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంట్లో పుస్తకం చదివి వినిపించేవారు లేని పిల్లవానికి బడిలో వినిపించే మాటే దిక్కు.

భాషల సంగతి మరొకటి. దేవరకొండ, కల్వకుర్తి వైపు తండాలలో ఇంటి భాష లంబాడీ. పట్టణాలలోను, పాత కస్బాలలోను ముస్లిం కుటుంబాల ఇంటి భాష దక్కనీ ఉర్దూ. తెలుగు కుటుంబాల పిల్లలు సైతం ఇంట్లో మాట్లాడేది పాలమూరు, నల్లగొండ యాస. పుస్తకంలో ఉండే తెలుగు వేరు. అందువలన బడిలో మొదటి రోజున అనేకమంది పిల్లలు తమది కాని భాషను వింటారు. అక్షరం రాకపోవడం కన్నా ముందు, మాట చెవికెక్కకపోవడమే వారికి అడ్డంకి.

పూర్వ విద్యలో వినికిడి

వినికిడిని ఆధారంగా చేసుకున్న విద్య మనకు కొత్త కాదు. వేదానికి శ్రుతి అని పేరు వచ్చింది అందుకే. మన వీధిబడులలో ఎక్కాలు, పద్యాలు ఒకరు చెప్పగా అందరూ అందుకుని వల్లె వేసేవారు. ఇస్లామీయ విద్యా సంప్రదాయంలో ఈ పద్ధతి ఒక శాస్త్రంగా రూపొందింది. హదీసు విద్యను గ్రహించే మార్గాలను పండితులు వర్గీకరించి, రెండింటిని అన్నింటికన్నా పైన నిలిపారు. మొదటిది ‘సమా’, అనగా గురువు చెప్పగా శిష్యుడు వినడం. రెండవది ‘అర్జ్’, అనగా శిష్యుడు చదివి వినిపించగా గురువు విని ఆమోదించడం లేక దిద్దడం. ఖుర్ఆన్ పఠనం నేర్పడంలోనూ ఇదే క్రమం. గురువు ఒక వాక్యం పఠిస్తాడు, శిష్యుడు దానిని తిరిగి పఠిస్తాడు, గురువు దిద్దుతాడు.

ఈ రెండు మాటలు శ్రవణ సాధనాల చర్చకు మూలసూత్రం వంటివి. యంత్రం ‘సమా’ను ఎంత కావాలంటే అంత సమకూర్చగలదు. ‘అర్జ్’ను మాత్రం సమకూర్చలేదు. అది చెప్పగలదు గాని, పిల్లవాడు చెప్పేది వినలేదు. ఇటీవల పఠనాన్ని విని తప్పులు గుర్తించే ప్రయత్నం చేసే సాధనాలు కొన్ని వచ్చినవి. తప్పు జరిగినదని అవి సూచించవచ్చును. ఆ తప్పు పిల్లవాని నాలుక వలన వచ్చిందా, ఇంటి భాష వలన వచ్చిందా, భయం వలన వచ్చిందా అన్నది ఎదుట కూర్చున్న ఉపాధ్యాయుడే గ్రహించాలి.

యంత్రం బడికి వచ్చిన క్రమం

ధ్వనిని బంధించి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫును ఎడిసన్ 1877లో రూపొందించాడు. ఇంగ్లండులో బి.బి.సి. పాఠశాలల కొరకు 1924లోనే ప్రసారాలు ప్రారంభించింది. మన దేశంలో 1937 నుండి పాఠశాల ప్రసారాలు మొదలైనవి. హైదరాబాదు సంస్థానంలో దక్కన్ రేడియో నడిచేది. అది 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరింది.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను తెచ్చింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ ప్రయోగంలో రెండు అంశాలు శ్రవణ విద్యకు సంబంధించినవి. ఒకటి, ఒకే దృశ్యానికి రెండు భాషల ధ్వనిని జోడించే ఏర్పాటు. రెండు, ఉపాధ్యాయుల విజ్ఞానశాస్త్ర శిక్షణలో టెలివిజన్‌తో పాటు రేడియోను, ముద్రిత పాఠాలను, స్వయంగా చేసే ప్రయోగాలను కలిపి వాడడం. ఏ సాధనమూ ఒంటరిగా పాఠం కాజాలదన్న సత్యాన్ని ఆ శిక్షణ ఆనాడే గుర్తించింది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో విడుదల చేసిన క్యాసెట్ మరొక మార్పు తెచ్చింది. రేడియో పాఠం గడియారానికి కట్టుబడినది. ప్రసార సమయానికి బడి గంట కలవకపోతే పాఠం పోయినట్లే. క్యాసెట్‌నైతే ఉపాధ్యాయుడు ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, రేపు మళ్లీ వినిపించవచ్చును. 1982లో నాగార్జునసాగర్‌లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది) ముద్రిత పాఠాలకు తోడుగా రేడియో, ఆడియో పాఠాలను ఉపయోగించింది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత రేడియో, క్యాసెట్ రెండూ కలిసిన టూ-ఇన్-వన్ పెట్టెలను దేశంలోని ప్రాథమిక పాఠశాలలకు పెద్ద సంఖ్యలో ఇచ్చారు.

ఆ పెట్టెలలో చాలావాటి కథ అందరికీ తెలిసినదే. సెల్లులు అయిపోతే కొనడానికి పైకం ఉండదు, కరెంటు ఉన్న గది ఉండదు, చెడితే బాగుచేయించేవారు ఉండరు. పోతుందన్న భయంతో పెట్టె ప్రధానోపాధ్యాయుని అలమారలోనే భద్రంగా ఉండిపోయేది. వస్తువు వచ్చింది గాని, దానితో పాఠం చెప్పే పద్ధతి దాని వెంట రాలేదు. తరువాతి కాలంలో ఏ కొత్త సాధనం వచ్చినా మరువరాని పాఠమిది. 2020లో బడులు మూతబడినప్పుడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనవి. పిల్లలకు గురువు మాట అందింది, గురువుకు పిల్లల మాట అందలేదు. వినిపించడం ఎంత అవసరమో, వినడం కూడా అంత అవసరమని ఆ నెలలు ఇంటింటికీ తెలియజేసినవి.

ధ్వని చేయగల మేలు: ఒక ఉదాహరణ

పుస్తకం చేయలేనిది, ధ్వని చేయగలిగినది ఏమిటో అరబీ ఉచ్చారణను చూస్తే స్పష్టమవుతుంది. అరబీలో ‘ఖాఫ్’ అనే అక్షరం నాలుక మొదలు కొండనాలుక వద్ద తగిలినప్పుడు పుడుతుంది. దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు దీనిని సాధారణంగా ‘ఖే’ అనే మరొక అక్షరంగా, గొంతులో ఒరపిడితో పలుకుతారు. తెలుగు లిపిలో ఈ రెంటికీ ‘ఖ’ అనే వ్రాస్తాము. మన ‘ఖ’ అసలు ధ్వని ఈ రెండూ కాదు, అది ఊపిరితో కూడిన ‘క’ మాత్రమే. మూడు వేర్వేరు ధ్వనులకు ఒకే గుర్తు! అరబీలో ‘ఖాఫ్’తో పలికిన ‘ఖల్బ్’ అంటే హృదయం. అదే మాటను ‘కాఫ్’తో ‘కల్బ్’ అని పలికితే కుక్క అని అర్థం. అట్లే సీన్, సాద్, సే అనే మూడు అక్షరాలు దక్కనీలోను తెలుగులోను ఒక్క ‘స’గా కలిసిపోతాయి. ఈ భేదాన్ని ఏ లిపిలో ఎంత వివరంగా వ్రాసినా చదివేవానికి అందదు. చెవితో వినవలసినదే.

ఈ అవసరం నుండే ఈజిప్టులో లబీబ్ అస్సయీద్ అనే విద్వాంసుడు సంపూర్ణ ఖుర్ఆన్ పఠనాన్ని ధ్వనిముద్రణ చేయాలని 1959లో ప్రతిపాదించాడు. మహ్మూద్ ఖలీల్ అల్‌హుసరీ (1917–1980) పఠించిన ఆ ముద్రణ 1961లో పూర్తయింది. 1964లో కైరోలో ఖుర్ఆన్ కొరకే ప్రత్యేక రేడియో ప్రారంభమైంది. అల్‌హుసరీ తరువాత బోధన కొరకు మరొక ముద్రణ కూడా చేశాడు. ఒక వాక్యం పఠించి ఆగుతాడు, అభ్యాసకుడు తిరిగి పలకడానికి వ్యవధి ఇస్తాడు. పైకి చిన్న మార్పుగా కనిపించే ఆ మౌనంలోనే బోధన ఉన్నది. కేవలం వినిపించే ముద్రణకు, నేర్పే ముద్రణకు గల తేడా అదే.

తెలుగు పాఠంలోనూ ఇదే అవసరం

అరబీకి చెప్పినది తెలుగుకూ వర్తిస్తుంది. దక్కనీ మాట్లాడే పిల్లవాని భాషలో ‘ళ’, ‘ణ’ ధ్వనులు లేవు. ‘కల’, ‘కళ’ అతని చెవికి ఒకటే. ‘గది’, ‘గాది’ మధ్య దీర్ఘం వలన, ‘గుడి’, ‘గుడ్డి’ మధ్య ద్విత్వం వలన అర్థం మారుతుందని తెలుగు భాషకు కొత్తవాడైన పిల్లవాడు ముందుగా వినికిడి ద్వారానే గ్రహించాలి. తేడా వినబడనివాడు తేడా పలకలేడు, పలకలేనివాడు వ్రాయడంలో తప్పుతాడు. ఉపాధ్యాయుడు దానిని అశ్రద్ధ అనుకుని దండించడం సామాన్యంగా జరిగే పొరపాటు. అటువంటి జంట పదాలను ఇరవై, ముప్పై ఎంచి, ఒకటికి రెండుసార్లు స్పష్టంగా పలికి ముద్రించుకుంటే, ప్రతిరోజు అయిదు నిమిషాల అభ్యాసానికి సరిపోతుంది. యంత్రం అలసిపోదు, విసుగుకోదు. నూరవసారి కూడా మొదటిసారి పలికినట్లే పలుకుతుంది. దాని బలం అది.

లంబాడీ పిల్లల విషయంలో పాఠం లోని కథను ముందు వారి ఇంటి భాషలో వినిపించి, తరువాత తెలుగులో వినిపిస్తే, రెండవసారి వినే తెలుగు అర్థం లేని చప్పుడుగా మిగలదు. కథ ముందే తెలుసు కనుక మాటలను పోల్చుకుంటారు. ఈ ముద్రణ చేయడానికి తండాలోని ఒక పెద్దమనిషి, ఒక సెల్‌ఫోను చాలును.

వినడమే కాదు, బదులు చెప్పించడం

1974లో నికరాగువా దేశంలోని మసాయా ప్రాంతంలో ప్రారంభమైన రేడియో గణిత ప్రయోగం శ్రవణ బోధనకు కొత్త దారి చూపింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నిపుణులు అక్కడి విద్యాశాఖతో కలిసి దీనిని నిర్వహించారు. అందులో రేడియో గొంతు ఒక ప్రశ్న వేసి ఆగుతుంది. పిల్లలందరూ గట్టిగా బదులు చెబుతారు, లేక వ్రాస్తారు. తరువాత రేడియో సరియైన జవాబు చెబుతుంది. పాఠం పొడవునా కొద్ది కొద్ది క్షణాలకు ఇట్లా జరుగుతూనే ఉంటుంది. ప్రసారం ముగిసిన తరువాత మిగిలిన అభ్యాసాన్ని ఉపాధ్యాయుడు చేయిస్తాడు. ఈ పద్ధతిలో చదివిన పిల్లలు గణితంలో మిగిలినవారికన్నా ముందున్నట్లు పరీక్షలలో తేలింది.

మన దేశంలో 1980 ప్రాంతంలో రాజస్థాన్‌లోని జయపుర, అజ్మీర్ జిల్లాలలో 500 ప్రాథమిక పాఠశాలలలో హిందీని మాతృభాషగా నేర్పడానికి రేడియో ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2000 తరువాతి దశకంలో ఆకాశవాణి ద్వారా ‘విందాం నేర్చుకుందాం’ అనే పాఠాలు ప్రసారమైనవి. పేరులోనే రెండు క్రియలు ఉన్నవి. విన్నంత మాత్రాన నేర్చుకున్నట్లు కాదని, రెండవ క్రియ పిల్లవాడు చేయవలసినదని ఆ పేరే చెబుతున్నది.

తరగతి గదిలో పాటించదగిన పద్ధతి

శ్రవణ పాఠాన్ని మూడు భాగాలుగా నడపడం ఉత్తమం.

మొదటిది, వినడానికి ముందు. ఉపాధ్యాయుడు తాను ముందుగా మొత్తం విని ఉండాలి. పిల్లలకు కొత్త మాటలు రెండు మూడు చెప్పి, ఏమి వినాలో ఒక ప్రశ్న ఇవ్వాలి. ‘ఈ కథలో ఎవరు అబద్ధం చెప్పారో వినండి’ అన్న ఒక్క ప్రశ్న చెవులను నిలబెడుతుంది.

రెండవది, వింటున్నప్పుడు. చిన్న తరగతులకు అయిదు నిమిషాలు, పెద్ద తరగతులకు పది నిమిషాలు చాలును. మధ్యలో ఆపి, ‘తరువాత ఏమవుతుంది?’ అని అడగాలి. మొదటిసారి నిరాటంకంగా, రెండవసారి ఆపి ఆపి వినిపించడం మంచిది.

మూడవది, విన్న తరువాత. పిల్లవాడు తన మాటలలో చెప్పాలి, నటించాలి, బొమ్మ గీయాలి, చివరకు వ్రాయాలి. ఈ మూడవ భాగానికి మొదటి రెండింటికన్నా ఎక్కువ సమయం కేటాయించాలి. సమయం చాలకపోతే వినిపించేది తగ్గించాలి గాని, పిల్లలు చెప్పేది తగ్గించరాదు.

గది విషయం కూడా గమనించాలి. రాతి గోడలు, బండల నేల, స్లాబు కప్పు గల గదులలో ధ్వని ప్రతిధ్వనించి మాటలు ఒకదానిపై ఒకటి పడతాయి. శబ్దం పెంచితే ఈ దోషం పోదు, ఇంకా పెరుగుతుంది. గోడకు ఒక పాత దుప్పటి గాని గోనెపట్టాలు గాని వ్రేలాడదీయడం, పిల్లలను పెట్టెకు దగ్గరగా అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టడం మేలు. ఎండ నీడగా ఉన్న సమయంలో చెట్టు క్రింద ప్రతిధ్వని ఉండదు, కాని దూరం పెరిగిన కొద్దీ ధ్వని త్వరగా తగ్గుతుంది కనుక గుంపు చిన్నదిగా ఉండాలి. ముద్రణ చేసేటప్పుడు ఫ్యాను ఆపి, నోటికి జానెడు దూరంలో ఫోను ఉంచి మాట్లాడితే ఖరీదైన పరికరాలు లేకున్నా మాట స్పష్టంగా వస్తుంది.

చెవి సరిగా వినబడని పిల్లలు ప్రతి బడిలో ఉండవచ్చును. తరచు చీము కారే చెవులున్న పిల్లవాడు, పిలిచినా పలకని పిల్లవాడు మొద్దు అని తేల్చే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. మరొక వైపు, చూపు లేని విద్యార్థికి శ్రవణ పాఠమే పాఠ్యపుస్తకం. తోటి విద్యార్థి పాఠాన్ని చదివి ముద్రించి ఇస్తే, చదివినవానికి పఠనాభ్యాసం, విన్నవానికి విద్య, రెండూ ఒకేసారి లభిస్తాయి.

ఊరి గొంతులే పాఠాలు

శ్రవణ పాఠం ఎక్కడి నుండో రావలసిన పని లేదు. చెరువు తవ్విన కాలం గుర్తున్న వృద్ధుడు, నాట్లు వేసే స్త్రీలు, పీర్ల పండుగ పాటలు తెలుగులో పాడే హిందూ ముస్లిం పెద్దలు, వీరందరూ ఊరికి ఉన్న గ్రంథాలయం. నాగర్‌కర్నూల్ ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర వాద్యాన్ని వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. కిన్నెర గురించి ఒక పుట చదివిన పిల్లవానికి పేరు తెలుస్తుంది. రెండు నిమిషాలు విన్న పిల్లవానికి కిన్నెర తెలుస్తుంది. జహీరాబాద్ సమీపంలోని మాచ్నూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. తమ యాసలో, తమ సాగు, తమ విత్తనాల సంగతులు ప్రసారం చేయవచ్చునని వారు నిరూపించారు. తన అవ్వ మాట్లాడే మాట బడిలో గౌరవంగా వినబడిన రోజున, ‘వచ్చిండు’ అనే పిల్లవాడు తన మాటకు సిగ్గుపడడు. సిగ్గు పడనివాడు నోరు తెరుస్తాడు, నోరు తెరిచినవానికి ‘వచ్చాడు’ నేర్పడం సులభం.

ఇట్లా సేకరించిన ప్రతి ముద్రణకు చెప్పినవారి పేరు, ఊరు, తేదీ, ముద్రించిన విద్యార్థి పేరు వ్రాసి ఉంచాలి. చెప్పినవారి అనుమతి ముందే తీసుకోవాలి. మాట ఎవరి నుండి ఎవరికి చేరిందో తెలిపే వరుసను హదీసు పండితులు ‘సనద్’ అన్నారు. మూలం తెలియని మాటకు విలువ కట్టలేమన్న ఆ నియమాన్ని పిల్లలు బడిలోనే అలవరచుకోవడం, మూలం తెలియని వార్తలు ఫోనులలో తిరిగే ఈ కాలంలో మరింత అవసరం.

ముగింపు

ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చూచుకునే బడిలో శ్రవణ సాధనం పెద్ద ఆసరా. ఒక తరగతి వింటుండగా మరొక తరగతికి అతడు పాఠం చెప్పవచ్చును. ప్రమాదం కూడా అక్కడే ఉన్నది. పిల్లలను ఊరకుంచడానికి పెట్టెను మోగించడం మొదలైతే, మౌనంగా చూచి వ్రాసే బడి మౌనంగా వినే బడిగా మారుతుందే తప్ప, చదువు మారదు. సాధనం వలన మిగిలిన సమయాన్ని ఉపాధ్యాయుడు ఒక్కొక్క విద్యార్థిని దగ్గర కూర్చోబెట్టుకుని, అతడు చదివేది వినడానికి వాడాలి.

ఏ బడిలోనైనా శ్రవణ సాధనాల ఉపయోగాన్ని కొలవాలంటే పెట్టెలు ఎన్ని ఉన్నవని లెక్కపెట్టడం కాక, ‘ఈ వారంలో ప్రతి విద్యార్థి గొంతును ఉపాధ్యాయుడు ఎన్నిసార్లు విన్నాడు?’ అని అడగాలి. వినిపించే పని యంత్రానికి అప్పగించవచ్చును. వినే పని మాత్రం గురువుదే.